నీళ్లొచ్చే ఇళ్లవాళ్లు కదలండి, మిగతావాళ్లు తలుపులు తీయండి: టాంపా బే తెలుగువాళ్లకు బహిరంగ లేఖ

ఫ్లోరిడాలోని టాంపా బే అఖాతం చుట్టుపక్కల ఉంటున్న అన్నయ్యలకు, వదినలకు, చదువుకోసమో ఉద్యోగం కోసమో ఈమధ్యే వచ్చిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్కారం.

మనకు పడమరనున్న గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో ఏ తుఫానూ లేనప్పుడే ఈ ఉత్తరం రాస్తున్నాను. తుఫానుకి పేరు పెట్టి, ఆ పేరు టీవీలో తిరగడం మొదలయ్యాక ఎవరూ ఎవరి మాటా వినరు. అందరూ ఫోన్లు పట్టుకుని ఒకటే ప్రశ్న: "మీరు వెళ్తున్నారా, ఉంటున్నారా?"

నా బాధంతా ఆ ప్రశ్నతోనే. పక్కింటివాళ్లు సర్దుకుంటే మనమూ సర్దుకుంటాం, వాళ్లు ఉంటే మనమూ ఉంటాం. నలుగురితో నారాయణ అనుకోవడం గృహప్రవేశానికి ఏం గిఫ్ట్ ఇవ్వాలన్న దగ్గర పనికొస్తుందేమో గానీ, హరికేన్ దగ్గర పనికిరాదు. నా ఇంటికీ మీ ఇంటికీ మధ్య రెండే మైళ్లున్నా, ఒకటి మునిగే చోటు, ఒకటి మునగని చోటు కావచ్చు.

2024 అక్టోబర్‌లో మిల్టన్ హరికేన్ వస్తున్నప్పుడు నేను చూసింది చెప్తాను. వెస్లీ చాపెల్, న్యూ టాంపా వైపు ఉన్న మన కుటుంబాల్లో చాలామందికి కొత్త ఇళ్లు, సముద్రానికి దూరం, ఉప్పెన భయంతో ఖాళీ చేయించే ఏ ఎవాక్యుయేషన్ జోన్‌లోనూ లేరు. వాళ్లు పిల్లల్ని, అమ్మానాన్నల్ని ఎక్కించుకుని ఐ-75 హైవే మీద ఉత్తరానికి బయల్దేరారు. అదే సమయంలో నీళ్లకు దగ్గరగా, గ్రౌండ్ ఫ్లోర్ అపార్ట్‌మెంట్లలో ముగ్గురు నలుగురు కలిసి ఉంటున్న కుర్రాళ్లు కొందరు "చూద్దాంలే" అనుకుంటూ కూర్చున్నారు. వాళ్లకు కారు ఒకటే ఉంటుంది, అదీ రూమ్మేట్‌ది. హోటల్‌కి డబ్బులుండవు. ఎవరింటికి వెళ్లాలో తెలియదు, అడగడానికి మొహమాటం. అంటే కదలక్కర్లేనివాళ్లు కదిలారు, కదలాల్సినవాళ్లు ఆగిపోయారు. ఈ సీజన్‌లో ఈ లెక్క తిరగబడాలన్నదే నా విన్నపం.

ముందు నీళ్ల సంగతి. మనవాళ్లు తుఫాను అనగానే కేటగిరీ ఎంత అని అడుగుతారు. ఒకటో కేటగిరీ అయితే ఊపిరి పీల్చుకుంటారు, నాలుగంటే టెన్షన్ పడతారు. ఆ అంకె గాలి వేగం ఒక్కదాన్నే చెప్తుంది. నీళ్లు ఎంత ఎత్తుకి లేస్తాయో, ఎంత వాన పడుతుందో అందులో ఉండదు. 1963 నుంచి 2012 దాకా అమెరికాలో అట్లాంటిక్ తుఫానులు, హరికేన్ల వల్ల నేరుగా పోయిన ప్రాణాల లెక్క తీస్తే దాదాపు సగం ఉప్పెనకు పోయాయి, ఇంకో పావువంతుకు పైగా వాన వరదలకు పోయాయి. గాలికి పోయినవి పదో వంతు కూడా లేవు. ఇక్కడి అధికారులు ఏళ్ల తరబడి చెప్తున్నది కూడా అదే: నీళ్ల నుంచి పారిపో, గాలి నుంచి దాక్కో.

టాంపా బేకి ఉప్పెన గండం ఎక్కువ. మన తీరం ముందు గల్ఫ్ చాలా దూరం దాకా లోతు తక్కువ. గాలి తోసిన నీళ్లు కిందికి దిగడానికి చోటుండక మీదికి లేస్తాయి. పైగా ఖాళీ జాగాలో కాకుండా మూడు వైపులా జనం ఉన్న బేలోకి వచ్చి పడతాయి. పెద్ద హరికేన్ నేరుగా ఈ ప్రాంతం మీద తీరం దాటింది 1921లో, టార్పన్ స్ప్రింగ్స్ దగ్గర. ఆ తర్వాత నూరేళ్లు దాటినా అంతటిది నేరుగా తగల్లేదు. ఇప్పుడు తీరం వెంట ఉన్న ఇళ్లలో చాలా భాగం ఆ నూరేళ్లలో వచ్చినవే.

మరి తగలకుండా ఎలా తప్పించుకుంటున్నాం? ఇక్కడే అసలు తిరకాసు ఉంది. మన అర్ధగోళంలో హరికేన్ గాలి గడియారం ముళ్లకు ఎదురుగా తిరుగుతుంది. కేంద్రం మనకు దక్షిణంగా తీరం దాటితే గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది, బేలో నీళ్లు బయటికి పోతాయి. 2017లో ఇర్మాకి, 2022లో ఇయన్‌కి, 2024లో మిల్టన్‌కి అలాగే జరిగింది. టాంపాలోని బేషోర్ రోడ్డు దగ్గర బే అడుగుభాగం బయటపడితే జనం దిగి ఫొటోలు తీసుకున్నారు. అదే కేంద్రం కాస్త ఉత్తరంగా తీరం దాటితే గాలి దిశ మారిపోయి, ఆ నీళ్లన్నీ డౌన్‌టౌన్‌లోకి వచ్చేవి. ఇయన్ మన మీదకే వస్తుందని మొదట్లో అంచనా వేశారు. చివరికి దక్షిణంగా జరిగి గంటకు 150 మైళ్ల గాలితో కాయో కోస్టా దగ్గర తీరం దాటింది. ఫోర్ట్ మయర్స్ బీచ్‌లో ఇళ్లకు ఇళ్లే కొట్టుకుపోయాయి. అక్కడ లీ కౌంటీలో ఖాళీ చేయమన్న ఉత్తర్వు తుఫాను తగలడానికి సరిగ్గా ముందురోజు పొద్దున వచ్చింది. మాకు రాదులే, టాంపాకే అని చివరిదాకా అనుకున్నవాళ్లు అక్కడ చాలామంది.

మిల్టన్ అప్పుడు టాంపా మేయర్ జేన్ క్యాస్టర్ టీవీలో చెప్పిన మాట చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఖాళీ చేయమన్న ప్రాంతాల్లో ఉండిపోతే చనిపోతారని మొహం మీదే చెప్పేసింది. తుఫాను సియెస్టా కీ దగ్గర తీరం దాటింది, బేలో ఉప్పెన రాలేదు. అప్పటి నుంచి మన పార్టీల్లో ఒక మాట తిరుగుతోంది: "ఊరికే భయపెడతారు, ఏమీ రాదు." ఆవిడ చెప్పినరోజు గల్ఫ్‌లో ఉన్నది నిజంగానే ప్రాణాలు తీసే తుఫాను, తీరం దాటడానికి రెండు రోజుల ముందు దాని గాలి వేగం గంటకు 180 మైళ్లు. ఆఖరి గంటల్లో అది కొన్ని మైళ్లు ఎటు జరుగుతుందో ఎవరూ ముందే చెప్పలేరు. ఆ కొన్ని మైళ్ల మీద పిల్లల్ని పెట్టి పందెం కాయగలమా?

మిల్టన్‌కి రెండు వారాల ముందే హెలీన్ తుఫాను వచ్చింది. దాని కేంద్రం మనకు పడమరగా 100 మైళ్లకు పైగా దూరంలో గల్ఫ్‌లోంచి వెళ్లిపోయి, సెప్టెంబర్ 26 రాత్రి పెర్రీ దగ్గర తీరం దాటింది. టీవీలో చూపించే ఆ గరాటు బొమ్మ, దాన్ని కోన్ అంటారు, అందులో మనం లేమని చాలామంది నిశ్చింతగా పడుకున్నారు. కోన్ చెప్పేది తుఫాను కేంద్రం ఎటు వెళ్లొచ్చన్నది ఒక్కటే. అది కూడా మూడింట రెండు సార్లే ఆ గీతల లోపల ఉంటుంది. తుఫాను వెడల్పు ఎంత, ఉప్పెన ఎంత దూరం వస్తుందన్నది ఆ బొమ్మలో ఉండదు. ఆ రాత్రి సెయింట్ పీటర్స్‌బర్గ్ పల్లపు వీధుల్లో పెద్దగా వాన లేదు, ఇల్లు ఎగిరిపోయే గాలీ లేదు. రోడ్డు పక్క డ్రెయిన్ల జల్లెళ్లలోంచి ఉప్పునీళ్లు పైకి ఉబికాయి. ముందు రోడ్డు, తర్వాత డ్రైవ్‌వే, తర్వాత గ్యారేజ్ తలుపు కింది సందు. హాల్లోకి వచ్చేసరికి కరెంటు పోయింది, కారు అప్పటికే మునిగింది, బయటికి వెళ్లే రోడ్డు ఎక్కడుందో కనబడదు. నీటి మట్టం కొలిచే పరికరాలు పెట్టాక ఈ ప్రాంతంలో రికార్డు ఉప్పెన అదే. పినెలస్ కౌంటీలో 10 మందికి పైగా పోయారు, వాళ్లలో చాలామంది ఖాళీ చేయమన్న చోట ఉండిపోయినవాళ్లే.

ఎలక్ట్రిక్ కార్లున్న తమ్ముళ్లకు ఇక్కడే ఒక మాట: ఉప్పునీళ్లలో మునిగిన బ్యాటరీ నీళ్లు తీశాక కూడా, కొన్నిసార్లు రోజుల తర్వాత, అంటుకోవచ్చు. మునిగే చోట గ్యారేజ్‌లో వదిలి వెళ్లకండి, ఇల్లు నీళ్లలో మిగిలినా మంటకు పోతుంది.

మన ఇళ్లకు వచ్చి ఉండే అమ్మానాన్నలకు ఈ విషయం మనకంటే బాగా తెలుసు. కృష్ణా, గుంటూరు వైపు పెద్దవాళ్లను అడగండి. 1977 నవంబర్ 19న దివిసీమలో గాలికి పోయినవాళ్లెందరు, నీళ్లకు పోయినవాళ్లెందరు అని. పదివేల మందికి పైగా పోయారు, ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. మనం మాత్రం తుఫాను దారి లెక్కగట్టే యూరోపియన్ మోడల్ ఏమంటోంది, అమెరికన్ మోడల్ ఏమంటోంది అని రాత్రంతా రంగు గీతలు చూస్తూ వాదించుకుంటాం. ఆ గీతలు చదవడం మన పని కాదు. నేషనల్ హరికేన్ సెంటర్ తెల్లవారి 5, 11, సాయంత్రం 5, రాత్రి 11 గంటలకు బులెటిన్ ఇస్తుంది. అది చూసి ఫోన్ పక్కన పెడితే చాలు.

మీరు చూసుకోవాల్సింది మీ ఎవాక్యుయేషన్ జోన్. ఫ్లోరిడాలో ఏ నుంచి మొదలుపెట్టి అక్షరాలు ఇచ్చారు, ముందు మునిగేది ఏ. రాష్ట్ర ఎమర్జెన్సీ విభాగం మ్యాప్‌లోనో, మీ కౌంటీ వెబ్‌సైట్‌లోనో అడ్రస్ కొడితే నిమిషంలో వస్తుంది. ఇక్కడ చదువుకున్నవాళ్లే పొరబడుతున్నారు. ఇల్లు కొన్నప్పుడు ఇన్సూరెన్స్ కోసం చూపించిన ఫ్లడ్ జోన్ వేరు. "మాది ఎక్స్ జోన్ అండీ, ఫ్లడ్ ఇన్సూరెన్స్ కూడా అక్కర్లేదన్నారు" అని ఒకరు గట్టిగా చెప్తుంటే విన్నాను. అది బ్యాంకు లోను కోసం. ఉప్పెనకు ఖాళీ చేయాల్సిన జోన్ దాంతో సంబంధం లేకుండా బీ అయినా కావచ్చు, సీ అయినా కావచ్చు. ఇంకోటి, మామూలు హోమ్ ఇన్సూరెన్స్ వరదకు ఇవ్వదు. ఫెడరల్ ఫ్లడ్ పాలసీ తీసుకుంటే మామూలుగా 30 రోజుల తర్వాత గానీ అమల్లోకి రాదు, కాబట్టి తుఫానుకి పేరు పెట్టాక కొందామంటే కుదరదు.

మీ అక్షరాన్ని పిలిచారంటే ఇక ఆలోచన అక్కర్లేదు, వెళ్లాల్సిందే. మొబైల్ హోమ్‌లో ఉన్నవాళ్లు ఏ జోన్ అయినా వెళ్లాల్సిందే. పగలుండగానే, వంతెనలు తెరిచుండగానే వెళ్లండి. గాలి స్థిరంగా గంటకు 40 మైళ్లకు చేరితే స్కైవే వంతెన మూసేస్తారు, ఆ తర్వాత అంబులెన్సు కూడా రోడ్డెక్కదు. అర్ధరాత్రి నీళ్లొచ్చాక 911కి ఫోన్ చేస్తే వాళ్లు చెప్పగలిగేది ఎత్తుకి ఎక్కమని మాత్రమే.

ఇప్పుడు ఏ జోన్‌లోనూ లేని అన్నయ్యలు, వదినలకు అసలు మాట.

ఇల్లు 2002 తర్వాత కట్టినదా? అంటే ఆండ్రూ తుఫాను పాఠాల తర్వాత వచ్చిన ఫ్లోరిడా బిల్డింగ్ కోడ్ ప్రకారం కట్టినదా? చుట్టూ మీద పడే పెద్ద చెట్లు, ఇంటి వెనక పొంగే వాగు లేవా? అయితే మీరు ఉండండి. కిటికీలకు షట్టర్లు బిగించుకోండి. గ్యారేజ్ తలుపు గట్టిదో కాదో ఇప్పుడే చూసుకోండి, గాలికి ముందు లొంగేది అదే. అది లొంగితే లోపలికి దూరిన గాలి కప్పుని పైకి లేపుతుంది. గాలి ఎక్కువైనప్పుడు కింది అంతస్తులో కిటికీల్లేని గదిలో కూర్చోండి.

అట్లాంటా వెళ్తే మనశ్శాంతి అంటారా? ఇర్మా అప్పుడు ఫ్లోరిడాలో 65 లక్షలకు పైగా జనాన్ని ఖాళీ చేయమన్నారు. చేయక్కర్లేనివాళ్లు కూడా బయల్దేరారు, ఐ-75 బంకుల్లో పెట్రోలు అయిపోయింది. దీన్ని షాడో ఎవాక్యుయేషన్ అంటారు. దీని దెబ్బ ఎలా ఉంటుందో హ్యూస్టన్‌లో పాతకాపులకు తెలుసు. 2005 సెప్టెంబర్‌లో రీటాకి భయపడి పాతిక లక్షల మందికి పైగా ఒకేసారి రోడ్డెక్కారు. కత్రినా జరిగి నెల కూడా కాలేదు, భయం అలాంటిది. ఎండలో, ఏసీ ఆపేసి, కదలని హైవే మీద వందమంది దాకా ప్రాణాలు పోగొట్టుకున్నారు. వాళ్లలో 23 మంది డల్లాస్ దగ్గర మంటలంటుకున్న బస్సులోని నర్సింగ్ హోమ్ పెద్దవాళ్లు. చివరికి రీటా హ్యూస్టన్‌ని పక్కకి పెట్టి పోయింది. తుఫాను కన్నా ప్రయాణమే ఎక్కువ మందిని చంపింది.

పైగా దూరం వెళ్తే తుఫాను వదులుతుందన్న నమ్మకం లేదు. హెలీన్ మన దగ్గర్నుంచి జార్జియాకి వెళ్లి అట్లాంటాను ముంచింది, అక్కణ్నుంచి కొండల్లోకి ఎక్కి యాష్‌విల్‌ని దెబ్బతీసింది. మిల్టన్ వచ్చినరోజు దాని కేంద్రం పడమటి తీరాన్ని తాకకముందే తూర్పు తీరంలో, సెయింట్ లూసీ కౌంటీలో టోర్నడోలు ఆరుగురిని బలి తీసుకున్నాయి. నీళ్ల నుంచి తప్పుకోడానికి పాతిక మైళ్లు చాలు. ఆ పాతిక మైళ్ల అవతల ఎవరిల్లు ఉంది? మీదే.

నాలుగు బెడ్‌రూములు, బోనస్ రూమ్, పూజగది ఉన్న మీ ఇల్లు ఆ రెండు రాత్రులు ఖాళీగా తాళం వేసి ఉంటుంది. వెస్ట్‌షోర్‌లో గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉన్న ముగ్గురు కుర్రాళ్లు ఎక్కడికి వెళ్లాలో తెలియక కూర్చుంటారు. మీరు ఉంటే, ఆ ముగ్గురూ మీ హాల్లో పరుపులేసుకుని పడుకోగలరు. మీ షట్టర్లు బిగించడానికి మూడు జతల చేతులు దొరుకుతాయి కూడా, అది చిన్న సంగతేమీ కాదు. బతుకమ్మకి వందమందికి వండి పెట్టే మనకు ఇది పెద్ద పనా?

అయితే ఉండమన్నాను కదా అని అందరూ ఉండకూడదు. ఆక్సిజన్ మిషన్ మీద ఉన్నవాళ్లు, ఇన్సులిన్ ఫ్రిజ్‌లో పెట్టుకోవాల్సినవాళ్లు, నెలలు నిండిన గర్భిణులు ఉన్న ఇల్లు కరెంటు లేకుండా వారం ఎలా గడుపుతుందో ఆలోచించుకోండి. ఇర్మా తర్వాత ఫ్లోరిడాలోనే ఉన్న హాలీవుడ్ అనే ఊళ్లోని ఒక నర్సింగ్ హోమ్‌లో ఏసీ ఆగిపోయి 12 మంది వృద్ధులు పోయారు. వాళ్లను గాలీ నీళ్లూ తాకలేదు. అలాంటివాళ్ల కోసం కౌంటీలు స్పెషల్ నీడ్స్ షెల్టర్లు నడుపుతాయి, దానికి పేరు ముందుగా నమోదు చేయించాలి. జనరేటర్ ఉన్నవాళ్లు దాన్ని గ్యారేజ్‌లో తిప్పొద్దు, తలుపు తెరిచి పెట్టినా సరే. ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో ఆరుబయటే. దాన్నుంచి వచ్చే గ్యాస్‌కి వాసనుండదు, నిద్రలోనే తీసుకుపోతుంది.

జోన్ల లెక్క ఉప్పెనకే సరిపోతుందని కూడా చెప్పాలి. మిల్టన్ రాత్రి సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో 18 అంగుళాల దాకా వాన పడింది. జోన్ల బయట ఉన్న పల్లపు అపార్ట్‌మెంట్లు మునిగాయి, తుఫాను వెళ్లిపోయాక కొన్ని రోజులకు హిల్స్‌బరో నది పొంగింది. మామూలు జూలై వానకే మీ పార్కింగ్ లాట్‌లో మోకాలి లోతు నిలుస్తుంటే, మ్యాప్‌లో అక్షరం లేకపోయినా మీరు వెళ్లాల్సినవాళ్లలోనే ఉన్నారు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ మొహమాటం సంగతి నాకు తెలుసు. తెలియని అన్నయ్య ఇంటికి బ్యాగు పట్టుకుని ఎలా వెళ్తాం అనుకుంటారు. వెళ్లండి. పాస్‌పోర్టు, ఐ-20 లేదా ఐ-797 ఇమిగ్రేషన్ కాగితాలు, సర్టిఫికెట్ల ఒరిజినల్స్ ఒక జిప్ కవర్లో వేసి మెడలో వేసుకున్నంత జాగ్రత్తగా తీసుకెళ్లండి. అవి మునిగితే మళ్లీ తెప్పించుకోడానికి పడే అవస్థ మామూలుగా ఉండదు. కారు లేకపోతే, ఉత్తర్వులు వచ్చినప్పుడు కౌంటీ బస్సులు షెల్టర్లకు ఉచితంగా తిప్పుతారు. షెల్టర్ అంటే స్కూలు నేల మీద పడక, సుఖంగా ఏమీ ఉండదు, ప్రాణం మాత్రం భద్రంగా ఉంటుంది.

కన్సల్టెన్సీలు నడిపే మనవాళ్లకు ఒక మాట, కాస్త కటువుగానే. ఖాళీ చేయమన్న రోజున కుర్రాడికి ఫోన్ చేసి "క్లయింట్ కాల్ ఉంది, ల్యాప్‌టాప్ దగ్గర ఉండు, టైమ్‌షీట్ రాకపోతే బిల్లింగ్ పోతుంది" అన్నవాళ్లున్నారని నాకు తెలుసు. వీసా మీద ఉన్న పిల్లాడు మీ మాటకి ఎదురు చెప్పలేడు. కౌంటీ ఉత్తర్వు వచ్చిన గంటలోనే "ముందు బయల్దేరు, పని సంగతి నేను చూసుకుంటా" అని మీరే మెసేజ్ పెట్టండి. రెండు రోజుల బిల్లింగ్ మీకు లెక్కలోది కాదు.

ఇండియా ఫోన్ల సంగతి కూడా మర్చిపోవద్దు. అక్కడి ఛానెళ్లలో ఎర్ర అక్షరాల్లో ఫ్లోరిడా మునిగిపోతోందని వేసేసరికి అమ్మ ఏడుస్తూ ఫోన్ చేస్తుంది, "ఎక్కడికైనా వెళ్లిపో నాన్నా" అంటుంది. ఆ ఏడుపు విని రాత్రికి రాత్రి కారెక్కినవాళ్లు ఎందరో. మీ జోన్ ఏంటి, మీ ప్లాన్ ఏంటి అని వాళ్లకు ఇప్పుడే, మామూలు ఆదివారం మాటల్లో చెప్పి ఉంచండి. తుఫాను రోజున ఫోన్ చార్జింగ్ దాచుకోవాలి, ఇంటికొకరు ఒక్క మెసేజ్ పెట్టి ఊరుకోండి.

ఈ వారాంతంలోనే అడ్రస్ కొట్టి చూడండి. అక్షరం వస్తే, పిలిచినరోజు ఎవరింటికి వెళ్తారో ఆ పేరు, ఆ నంబరు ఇంట్లో అందరి ఫోన్లలోనూ ఉండాలి. అక్షరం రాకపోతే, మీ ఇంట్లో ఎంతమంది పడుకోగలరో చూసుకుని, నీళ్ల దగ్గరున్న మీకు తెలిసిన ఒక్క కుటుంబానికో, ఒక్క రూమ్ కుర్రాళ్లకో ఫోన్ చేసి, "ఉత్తర్వు రాగానే మా ఇంటికి వచ్చేయండి, అడగక్కర్లేదు" అని ముందే చెప్పండి.

ఇట్లు,
వెస్లీ చాపెల్ నుంచి మీలో ఒకరు